బొమ్మలతో సహా పంపాను

పుస్తకం రాయడం ఒక ఎత్తు, దాన్ని ప్రచురణకర్తకి పంపడం ఒక ఎత్తు. ఈ రెండో ఎత్తు దగ్గర నేను బోల్తాపడ్డాను. ఆ సంగతి విని మీరైనా జాగ్రత్తపడతారని చెబుతున్నాను.

పిల్లల కోసం పన్నెండు కథలు రాశాను. మా అక్కయ్య కూతురు బొమ్మలు బాగా వేస్తుంది. "మావయ్యా, నీ కథలకి బొమ్మలు నేను వేస్తాను" అంది. పరీక్షల రోజులైనా, రాత్రిళ్లు కూర్చుని కథకొకటి చొప్పున పన్నెండూ వేసింది. నేను మురిసిపోయి, ఆ బొమ్మల్ని కథల మధ్య పెట్టి, కట్ట కట్టి, ఓ ప్రచురణకర్తకి పోస్టులో పంపాను.

మూడు నెలలకి జాబు వచ్చింది. కథలు నచ్చాయిట. బొమ్మలు మాత్రం తమ చిత్రకారుడి చేత వేయించుకుంటారుట! సంతోషించాలో విచారించాలో తోచలేదు. పోనీ, మా బొమ్మలు మాకు పంపించండి అని రాశాను. ఎక్కడో పెట్టారుట, కనబడటం లేదుట. నకళ్లయినా తీయించి ఉంచుకోవాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

పుస్తకాల వ్యవహారం తెలిసిన మా మిత్రుడు చీవాట్లు పెట్టాడు.

"పుస్తకం సైజెంత, పేజీలెన్ని, రంగులెన్ని అన్నది డబ్బు పెట్టేవాడు తేల్చుకోవాలోయ్. దాన్నిబట్టే బొమ్మలు. ముందే బొమ్మలు అంటగడితే, అవి నచ్చక కథల్నే తిరగ్గొట్టవచ్చు."

"మరి బియాట్రిక్స్ పాటర్ మాటేమిటి?" అన్నాను. ఆవిడ పీటర్ కుందేలు కథని ప్రచురణకర్తలు కాదంటే, 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేసుకుంది. మరుసటి ఏడే లండన్‌లో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ ఆవిడ బొమ్మలతోనే ఆ పుస్తకం వేసింది.

"ఆవిడకి కథా తనదే, కుంచే తనదే. అయినా బొమ్మలకి రంగులుండాలని కంపెనీ పట్టుబడితే మళ్లీ కూర్చుని వేసి ఇచ్చింది. నీకు కుంచె పట్టడం వచ్చా?"

నోరు మూసుకున్నాను.

కనక అయ్యలారా, అమ్మలారా! ముందు కథ పంపండి. బొమ్మలు మీరే వేసేవారైతే మచ్చుకి రెండో మూడో జతచెయ్యండి. అవీ నకళ్లే సుమండీ! అసలువి ఇంట్లోనే ఉంచుకోండి. ఇంకొకరు వేస్తానంటే, అవి అచ్చుకావచ్చు, కాకపోనూవచ్చునని ముందే చెప్పండి.

ఆ మాట మా మేనకోడలికి నేను ముందు చెప్పలేదు. మొన్న ఆదివారం వెళ్లి, జరిగిందంతా చెప్పాను. తల వంచుకుని విన్నది. కోప్పడలేదు, ఏడవలేదు.

"ఏనుగు బొమ్మ కూడా పోయిందా, మావయ్యా?" అంది.

ప్రచురణకర్త పంపిన ఒప్పంద పత్రం నా బల్ల మీదే ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు.