అప్రూవల్ రాలేదంట! ఎవరివ్వలేదు?

నాగాయలంకలోనో కోడూరులోనో రొయ్యల చెరువు కాపలా ఉండే యానాది కుటుంబం రోగిని తీసుకుని మచిలీపట్నం, అక్కణ్ణించి గుడివాడ, చివరికి విజయవాడ పోతుంది. అక్కడ కౌంటర్లో ఒకటే మాట: "అప్రూవల్ రాలేదు." ఎవరివ్వలేదని అడగండి. కంప్యూటర్ వైపు చూపిస్తారు.

ఆ కంప్యూటర్ వెనక ఒక మనిషున్నాడు తమ్ముడూ. మీ అమ్మకి ఆపరేషన్ అవసరమా కాదా అని ఆమె ముఖం చూడకుండానే తేల్చే మనిషి. వాడి పేరు మనకెందుకు చెప్పరు?

2007లో ఆరోగ్యశ్రీ బీమా కంపెనీతోనే మొదలైంది. తర్వాత పూర్తిగా ట్రస్టు చేతికొచ్చింది. ఇప్పుడు మళ్లీ వెనక్కి. 2025 సెప్టెంబరులో కేబినెట్ ఆమోదించిన విధానంలో 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు చూస్తాయి. మనోళ్ల వైద్యం ఎక్కువగా ఆ మొదటి వాటాలోనే పడుతుంది. అంటే మన ఫైలు చూసేది లాభం లెక్కేసుకునే కంపెనీ.

కంపెనీల తరఫున ఫైళ్లు చూసే టీపీఏలకు లైసెన్సు ఉంటుందిగా అంటారు. ఉంటుంది. 2001 నుంచి ఐఆర్‌డీఏ ఇస్తోంది. ఇంత మూలధనం ఉండాలి, డైరెక్టర్లలో ఒక డాక్టరుండాలి అని అడిగింది. కాదన్నప్పుడు గట్టు మీద బతికే మనిషికి ఏ భాషలో చెప్తావని అడిగిందా?

తనిఖీయే వద్దని నేననను. ఆరోగ్యశ్రీ డబ్బుల కోసం అవసరం లేకుండా ఆడవాళ్ల గర్భసంచులు తీసేసిన ఆసుపత్రులు మనం చూశాం. అప్పుడు గట్టిగా తనిఖీ చేసుంటే ఎందరో ఆడవాళ్లు బాగుపడేవాళ్లు. కానీ ఆసుపత్రి దొంగతనాన్ని పట్టే తనిఖీ వేరు, రోగిని గుమ్మం బయట నిలబెట్టే తనిఖీ వేరు.

రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించొద్దని 2024 మేలో ఐఆర్‌డీఏఐ చెప్పింది. పాలసీ కొనుక్కున్నవాడికి ఆ రక్షణ ఉంటే, తెల్లకార్డు యానాదికీ ఎరుకలకీ ఉండాలి. సర్కారు ఆ మాట కంపెనీతో చేసుకునే ఒప్పందంలోనే రాయాలి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఇలాంటి ప్రైవేటు ఏజెంట్లకు రాష్ట్ర సర్టిఫికెట్ లేనిదే పని లేదు, వైద్యం కాదనాలంటే కారణం రాతలో ఇవ్వాలి. అక్కడ కుదిరింది కృష్ణా జిల్లాలో ఎందుకు కుదరదు?

మీ ఊళ్లో ఎవరికైనా అప్రూవల్ ఆగితే నోటిమాటతో వెనక్కి రావద్దు. కారణం తెలుగులో రాసిమ్మనండి, కాదన్న డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇవ్వకపోతే సోమవారం మచిలీపట్నం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఒక్కరే పోకండి, పేటంతా కదలండి.