‘దత్త’ శబ్ద విచారము

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక చలనచిత్రం విడుదలైతే, దాని వసూళ్లను వ్యాపారులు నేటికీ ‘సీడెడ్’ అనే పద్దులో వ్రాస్తారు. ఆ ఆంగ్లపదానికి తెలుగులో నిలిచిన రూపం ‘దత్తమండలాలు’. ఈ సంజ్ఞ వ్యవహారయోగ్యమా అన్నది విచార్యం.

‘దా’ ధాతువుపై క్త ప్రత్యయం చేరగా ‘దత్త’మైనది, ఇవ్వబడినదని అర్థం. దాత, ప్రతిగ్రహీత, దేయద్రవ్యం లేనిదే దానం సిద్ధించదు. 1800 అక్టోబరు 12 నాటి సంధిలో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినది తన రక్షణకై నిలిపిన సైన్యపు వ్యయం నిమిత్తం. సేవకు బదులుగా చెల్లించినది వెల అవుతుంది గాని దానం కాదు. కనుక ‘దత్త’ శబ్దం తొలి పరీక్షలోనే నిలువదు.

రెండవ దోషం ఇంతకంటె గురుతరం. విశ్వజిద్యాగంలో యజమాని సర్వస్వమూ దానం చేయాలి. యజమాని సార్వభౌముడైతే భూమినీ ఇవ్వవచ్చునా అని పూర్వమీమాంస ఆరవ అధ్యాయంలో విచారించి, భూమి సర్వులకు సమానం గనుక అదేయమని జైమిని మహర్షి నిర్ణయించాడు. రాజునకు ఉన్నది రక్షించే బాధ్యత, పంటలో భాగం, అంతే.

ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ శ్రీరాఘవేంద్రస్వామివారికి మంచాల గ్రామాన్ని సమర్పించలేదా అని ఆక్షేపింపవచ్చు. గ్రామదానంలో సంక్రమించేది రాజభాగమే. దున్నేవాని చేను గాని, నేసేవాని మగ్గం గాని, వారి వ్యక్తిత్వం గాని కాదు.

‘ఇది రూఢిపదం, యోగార్థంతో పనియేమి?’ అన్నది మరొక వాదం. రూఢి యోగార్థాన్ని బాధిస్తుందన్న మాట సత్యమే. అయితే ఈ రూఢికి మూలం కంపెనీ పరిపాలన. దానిని నిరాకరించినవారు ఈ నేల బిడ్డలే. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ నామం ఆమోదం పొందింది. నాడు బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలో, కర్నూలు జిల్లాలో చేరింది. జిల్లా మారినా సీమ మారలేదు. నామాన్ని ధరించేవారు స్వీకరించిన రూఢి ఉండగా, పరులు అంటగట్టిన రూఢికి ప్రామాణ్యం ఎక్కడిది?

ఇచ్చిన నిజాం లేడు, పుచ్చుకొన్న కంపెనీ లేదు. దాత, ప్రతిగ్రహీత ఇరువురూ పోయిన తరువాత ‘దత్త’ మాత్రం ఎలా మిగులుతుంది? పద్దుపుస్తకంలో ఆ ఒక్క మాట కొట్టివేసి ‘రాయలసీమ’ అని వ్రాయడానికి ఏ సంధిపత్రమూ అక్కరలేదు.