భయం పుట్టించే కణాలు, భయం అణిచే కణాలు

చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్తాం. కాళ్ల దగ్గర ఏదో వంకరగా పడి ఉంటుంది. ఒక్క గంతులో వెనక్కి వచ్చి పడతాం, గుండె దడదడలాడుతుంది. ఆ తర్వాత గాని అది పాము కాదు, తాడని తెలియదు. ఈ తాడు-పాము ఉదాహరణను మన వేదాంతులు భ్రాంతిని వివరించడానికి వాడారు. నాడీశాస్త్రజ్ఞులకు ఇందులో ఇంకొక ప్రశ్న కనిపించింది. అదేమిటో తెలియకముందే మనలో ఉలిక్కిపడింది ఎవరు?

దానికి జవాబు మెదడు లోపల, రెండు పక్కలా ఉన్న బాదం గింజల్లాంటి రెండు చిన్న భాగాల్లో ఉంది. గ్రీకు భాషలో బాదం పేరే వాటికి పెట్టారు: అమిగ్డలా. చెవిన పడిన శబ్దం, మెదడు పైపొరలు దాన్ని పూర్తిగా పోల్చుకోకముందే, ఒక దగ్గరి దారిన అమిగ్డలాకు చేరుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన పరిశోధనలలో చూపించారు. ఇంట్లో పెద్దవారికి కబురు అందేలోగా వాకిట్లో కాపలావాడు కేక పెట్టినట్టన్నమాట.

ఆ కాపలావాడే లేకపోతే? ఒక అరుదైన జబ్బు వల్ల రెండు అమిగ్డలాలూ దెబ్బతిన్న అమెరికా మహిళ ఒకరున్నారు. వైద్య పత్రికలు ఆమెను ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతోనే ప్రస్తావిస్తాయి. ఎదుటివారి ముఖంలో భయాన్ని ఆమె పోల్చుకోలేదని 1994లో తేలింది. పాములంటే ఇష్టం లేదని చెబుతూనే, దుకాణంలో పామును చేతిలోకి తీసుకుని ఆసక్తిగా నిమిరిందని 2011లో రాశారు. ఇది వరం అనుకోకండి. భయం తెలియక ప్రాణాపాయాల్లో చిక్కుకున్న సందర్భాలు ఆమె జీవితంలో ఉన్నాయి. అయితే 2013లో బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలిని పీల్పించినప్పుడు, ఆమెకూ అలాంటి మరి ఇద్దరికీ విపరీతమైన భయం కలిగింది. కాబట్టి భయమంతా అమిగ్డలా ఒక్కదాని సొత్తు కాదు. బయటి ముప్పును పసిగట్టడం మాత్రం ముఖ్యంగా దాని పని.

చాలాకాలం అమిగ్డలాను ఒకే ముద్దగా, ‘భయకేంద్రం’గా చెప్పుకున్నారు. ఇప్పుడు ఒక్కొక్క రకం కణాన్నీ విడివిడిగా గమనించే పద్ధతులు వచ్చాయి. చూస్తే అది ఒక చిన్న ఊరు. అందులో రకరకాల పనివారున్నారు, వారిలో ఒకరి పని మరొకరికి అడ్డు.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆండ్రియాస్ ల్యూతీ బృందం 2008లో ప్రకటించిన ప్రయోగం చూడండి. ఒక శబ్దం వినిపించి, వెంటనే చుంచెలుకకు చిన్న విద్యుత్ షాకు ఇచ్చారు. కొన్నిసార్లకే శబ్దం వింటే చాలు, ఎలుక కొయ్యబారిపోయేది. అప్పుడు అమిగ్డలాలో ఒక రకం కణాలు చురుకయ్యాయి. వాటిని ‘భయ కణాలు’ అన్నారు. తర్వాత షాకు లేకుండా శబ్దం మాత్రమే పదేపదే వినిపించారు. ఎలుక భయం తగ్గింది. భయ కణాలు నెమ్మదించాయి. కాని వాటి పక్కనే ఇంకొక రకం కణాలు కొత్తగా మేలుకున్నాయి. ఇవి భయం తగ్గించే కణాలు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. భయం పోయినప్పుడు పాత పాఠం చెరిగిపోలేదు. దాని పక్కన కొత్త పాఠం చేరి, పాతదాన్ని అణిచి ఉంచింది. ఎలుకను ఆ చోటినుంచి వేరే చోటికి మార్చి అదే శబ్దం వినిపిస్తే, భయం తిరిగి వచ్చింది, భయ కణాలూ తిరిగి లేచాయి.

ఇదంతా శరీరానికి ఎలా చేరుతుంది? అమిగ్డలా మధ్యభాగంలో గుండెదడకూ, కొయ్యబారడానికీ ఆజ్ఞలు పంపే కణాలున్నాయి. మామూలు వేళ ఇంకొక రకం కణాలు వాటిని నొక్కి పడతాయి. పొలం కాలువకు తూము మూసిపెట్టినట్టు. ముప్పు తోచగానే మూడో రకం కణాలు ఆ తూము కాపరిని పక్కకు నెడతాయి, ఆజ్ఞలు వరదలా పోతాయి. ఈ ఏర్పాటును 2010లో ల్యూతీ బృందమూ, అమెరికాలో కాల్టెక్ సంస్థకు చెందిన డేవిడ్ ఆండర్సన్ బృందమూ బయటపెట్టాయి. ఇవి కాక, రెండు భాగాల నడుమ గుంపులు గుంపులుగా ఉండే చిన్న కణాలు కొన్ని, భయాన్ని అదుపులో ఉంచడానికి తోడ్పడతాయి. ఇంకో విశేషం. తీపి, మంచినీళ్లు వంటి ఇష్టమైన వాటికి స్పందించే కణాలు కూడా అమిగ్డలాలోనే ఉన్నాయని 2016లో సుసుము టోనెగావా బృందం చూపింది. కనుక ‘భయకేంద్రం’ అన్న పేరు సగం నిజమే.

మన పక్కనే, బెంగళూరులో కూడా ఈ విషయంలో పేరెన్నికగన్న కృషి జరిగింది. అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచింది. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అమిగ్డలాలో మాత్రం కొమ్మలు ఇంకా పెరిగాయి. ఇది 2002 నాటి ఫలితం. ఆ తర్వాత 21 రోజులు ఏ బాధా లేకుండా వదిలినా అమిగ్డలాలో ఆ పెరుగుదల తగ్గలేదని 2004లో చూశారు. ఒకే ఒక్కసారి రెండు గంటలు బంధించినా, పది రోజుల తర్వాత అక్కడి కణాలపై కొత్త సంధి మొలకలు కనిపించాయని 2005లో రాశారు. వేధింపు ఆగిన రోజే దాని ప్రభావం ఆగదన్నమాట.

ఎలుకల ముచ్చట మనుషులకు యథాతథంగా వర్తించదు. అయినా పిల్లలున్న ఇంట్లో ఆలోచించవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి. కుక్కంటే జడిసే పిల్లవాడిని బలవంతాన దాని ముందుకు తోస్తే, మరింత భయాన్ని నేర్పినవాళ్లమవుతాం. “ఇంతోటిదానికా?” అని నలుగురిలో ఎగతాళి చేస్తే, దాచుకోవడం నేర్పుతాం. అలాగని కుక్క ఉన్న వీధికే వెళ్లకుండా తిప్పుకొస్తే, భయం తగ్గించే కణాలకు నేర్చుకునే అవకాశమే దొరకదు. దూరం నుంచి, పెద్దవారి తోడుతో, కొద్దికొద్దిగా చూపించాలి. పూర్వం ఉరుములు ఉరిమేటప్పుడు అమ్మమ్మలు పిల్లల్ని ఒడిలోకి తీసుకుని అర్జునుడి పేర్లు చెప్పించేవారు. ఉరుము వినిపిస్తూనే ఉండేది, ఏమీ అయ్యేది కాదు. ఆ రెండూ కలిసి అందితేనే కొత్త పాఠం.

ఇంకొకటి. ఇక్కడి మన వీధి కుక్కతో సర్దుకున్న పిల్లవాడు, సెలవులకు తాతగారి ఊరు వెళ్లి అక్కడి కుక్కను చూసి మళ్లీ ఏడిస్తే “మొదటికొచ్చావే!” అని విసుక్కోకండి. ఆ ఊళ్లో కూడా అదే పాఠం ఇంకోసారి నేర్పాలి, అంతే. రెండోసారి తేలికగానే వస్తుంది. బడికి వెళ్లలేనంత, నిద్రపోలేనంత భయమైతే మాత్రం మానసిక వైద్యులకు చూపించడానికి మొహమాటపడవద్దు. వారు చేయించే చికిత్సల్లో ముఖ్యమైనది కూడా ఇలా మెల్లమెల్లగా ఎదుర్కోవడం నేర్పడమే.

పిరికితనం మన పిల్లల గుణం కాదు. అది వారి మెదడు నేర్చిన ఒక పాఠం. దాని పక్కన ఇంకొక పాఠం చేర్చడానికి కావలసిన కణాలు ఆ తలలోనే ఉన్నాయి. మనం ఇవ్వవలసింది ఓపిక, తోడు.