అరుదైన కారుకు నమ్మదగిన మెకానిక్

నమ్మకస్తుడైన మెకానిక్ దొరకడం కష్టమన్న మాట మనం తరచు వింటూ ఉంటాం. మారుతి కారు గలవారికి ఈ మాట అంతగా వర్తించదు. ఒకరు కాకపోతే మరొకరు, ఈ వీధి కాకపోతే పక్క వీధి. ఆ ఇంజను సంగతి ఊరందరికీ తెలిసినదే కనుక మోసగించదలచినవాడు సైతం కొంత జంకుతాడు. ఊరంతా వెదకినా మరొకటి కనిపించని కారు గలవాని స్థితి వేరు. అక్కడ పరీక్షించేవాడూ, తీర్పు చెప్పేవాడూ, ప్రతిఫలం పుచ్చుకొనేవాడూ ఒక్కడే. అట్టివాని నిజాయితీని దేనితో కొలవాలి అన్నదే నేనిక్కడ చర్చించదలచిన విషయం.

స్టాండర్డ్ హెరాల్డ్ కారునే తీసుకుందాం. ఇటలీ దేశీయుడైన మిచెలోట్టి రూపకల్పన చేయగా, 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వెలువడిన ఈ కారును 1961 నుండి మద్రాసు సమీపాన స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ సంస్థ తయారు చేసింది. 1972లో దాని స్థానే గెజెల్ అనే కారు వచ్చింది. 1980వ దశకం ముగియక మునుపే ఆ సంస్థలో కార్ల తయారీయే నిలిచిపోయింది. బానెట్టు, ఇరువైపుల మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ఒక పెద్ద మూత వలె ముందుకు తెరుచుకొనడం ఈ కారు ప్రత్యేకత. మెకానిక్ ముందు టైరు మీద కూర్చొని తీరికగా పని చేసుకొనవచ్చు. ఇంత సులభంగా తెరుచుకొనే ఇంజనును సక్రమంగా విప్పగలవారు కరువు కావడం విచిత్రమే.

ఆ 948 సి.సి. ఇంజను వంశం చిన్నదేమీ కాదు. 1953లో వచ్చిన స్టాండర్డ్ ఎయిట్ కారులోని 803 సి.సి. ఇంజను దీనికి అన్న వంటిది; ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారులో 1493 సి.సి. వరకు పెరిగినది కూడా ఈ వంశమే. అందుచేత దీని విడిభాగాలు అనేకం నేటికీ ఇంగ్లండు నుండి లభిస్తాయి. అరుదైనది కారు మాత్రమే, దాని విద్య కాదు. ఇది తెలియని మెకానిక్ ‘సామాను దొరకదు’ అని తేల్చివేస్తాడు, లేదా అంబాసిడరుకు చేసినట్లే దీనికీ చేస్తాడు. రెండవది మరింత ప్రమాదకరం. రాకరుకూ వాల్వు కాడకూ నడుమ ఉండవలసిన సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, హెరాల్డుకు 0.010 అంగుళం, అంబాసిడరు పాత 1489 సి.సి. ఇంజనుకు 0.015 అంగుళం. తేడా ఒక దళసరి కాగితమంత. ఆ కాగితమంత తేడాతో వాల్వు ఆలస్యంగా తెరుచుకొంటుంది, టకటకమని చప్పుడు చేస్తుంది. యజమాని దానిని కారు ముసలితనమని భావిస్తాడు. మెకానిక్ బోరింగ్ అంటాడు. ఫీలర్ గేజి పెట్టెలోనే ఉంటుంది.

మా మిత్రుడొకరి హెరాల్డుకు సంభవించినది ఇంతకంటె గంభీరం. క్లచ్ తొక్కినప్పుడల్లా ఇంజను అడుగున దెబ్బ వంటి శబ్దం. పేరు మోసిన ఒక వర్క్‌షాపువారు ఏమీ కొలవకుండానే ఇంజను దించి పూర్తిగా విప్పాలని, లెక్క తరువాత చూద్దామని సెలవిచ్చారు. పాతబస్తీలోని ఒక వృద్ధ ఉస్తాద్ వద్దకు పోగా, ఆయన షాగిర్దును క్లచ్ తొక్కి వదలమని, తాను ముందు పుల్లీ వైపు చూస్తూ నిలబడ్డాడు. పుల్లీ ముందుకూ వెనుకకూ కదులుతున్నది. “సాబ్, వెనుక మెయిన్ బేరింగు దగ్గర థ్రస్ట్ వాషర్లు అరిగినాయి. ఈ ఇంజను విప్పి చాలా ఏండ్లయింది, పుస్తకం ఉంటే తెండి” అన్నాడు. క్రాంక్ షాఫ్టు ముందు వెనుకలకు జరగకుండా ఆపేవి ఆ రెండు అర్ధచంద్రాకారపు రేకులే. అవి అరిగి సంపులో పడిపోతే క్రాంకు ఇంజను దిమ్మనే రాచి పాడు చేస్తుంది. ఇంజను దించనక్కరలేదు, సంపు విప్పి, వెనుక బేరింగు క్యాపు తీసి, క్రింది నుండే మార్చవచ్చు. ఉస్తాద్ అట్లే చేశాడు. అరిగిన రేకులను కాగితంలో చుట్టి, అడగకుండానే చేతికిచ్చాడు.

‘ఏండ్లయింది, పుస్తకం తెండి’ అన్న మాటను మన మిత్రులలో కొందరు అజ్ఞానంగా పరిగణిస్తారు. నా దృష్టిలో నమ్మదగిన మనిషికి అంతకు మించిన గుర్తు లేదు. అరుదైన ఇంజను ముందు అన్నీ తెలిసినట్లు మాట్లాడేవాడే అనుమానించదగినవాడు. ‘మెకానిక్ నెత్తిన నిలబడి పని చేయించుకో, లేకుంటే పార్టులు మార్చేస్తాడు’ అన్న లోకోక్తి మీద కూడా నాకు గౌరవం లేదు. ఏ రేకు ఎక్కడ ఉంటుందో ఎరుగనివాడు నెత్తిన నిలబడి చూచేదేమిటి? దానికంటె వర్క్‌షాపు మాన్యువల్ ప్రతి ఒకటి, ఎప్పుడు ఏది మార్చారో వ్రాసుకొన్న నోటుబుక్కు ఒకటి కారులో ఉంచుకొనడం మేలు.

ఇక ప్రతిఫలం సంగతి. మా మిత్రుడు వాషర్ల ఖరీదును మారు మాట లేకుండా చెల్లించి, కూలి దగ్గర బేరానికి దిగాడు. ‘చూచింది అయిదు నిమిషాలే కదా’ అన్నది ఆయన వాదన. ఆ అయిదు నిమిషాలే ఇంజనును కాపాడినవి. సామానుకు ధర కట్టి, ఆలోచనకు ధర కట్టని ఈ ఆచారమే మెకానిక్కును అక్కరలేని సామాను మార్చేవానిగా తయారు చేస్తున్నదని నా నిశ్చితాభిప్రాయం. వైద్యునికి చీటీ వ్రాసినందుకే ఫీజు ఇస్తున్నాం. చేతికి గ్రీజు అంటినవాని విషయంలోనే మన చదువుకు ఈ పిసినారితనం.

యాభై ఏండ్లు దాటిన వాహనాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేక నిబంధనలు చేసింది. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు వాటిని రోడ్డెక్కించవచ్చు. మరమ్మతు చేసేవానిని మాత్రం నిబంధనలు సృష్టించలేవు. ఆ ఉస్తాద్ వద్ద నేడున్నది ఒక్క షాగిర్దే. ఆ కుర్రవానిని కూడా సెల్‌ఫోన్ల దుకాణంలో పెట్టాలని తండ్రి ఆలోచన.

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు స్క్రూగేజితో తీగ మందాన్ని మిల్లీమీటరులో నూరవ వంతు వరకు కొలిచి, రికార్డు పుస్తకంలో వ్రాసి మరచిపోతున్నారు. అదే గేజితో అరిగిన థ్రస్ట్ వాషరును కొలిస్తే ఆ అంకెకు అర్థం తెలుస్తుంది. ఏడాదికి ఒక పూట అట్టి ఉస్తాద్‌ను కళాశాలకు ఆహ్వానించి, అతిథి ఉపన్యాసకునికిచ్చే గౌరవ వేతనమే ఆయనకూ ఇవ్వవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను. ఇంజనుకు బదులు ఒక పాత సిలిండర్ హెడ్డు, ఒక ఫీలర్ గేజి ఉన్నా ఆ పూటకు సరిపోతాయి.