చుట్టపుచూపును సేవ అనకండి

మా వైపు గడప దాటేవాళ్లెవరూ ‘పోతున్నా’ అనరు, ‘పోయొస్తా’ అంటారు. చెనిక్కాయ పంట ఎండిపోయిన ఏడు బెంగళూరు కట్టుబడి పనులకు బయల్దేరే తల్లి, అవ్వ దగ్గరో హాస్టల్లోనో వదిలిన బిడ్డకు చెప్పిపోయేది ఆ ఒక్క మాటే. ఉగాదికి ఆమె వస్తుంది. రాలేకపోతే ఫోనన్నా చేస్తుంది. అందుకే అనంతపురం పల్లె పిల్లలకు ఆ మాట మీద అంత గురి.

కొన్నేళ్ల కిందట జిల్లాలోని ఒక చర్చి హాస్టల్‌కు విదేశీ యువతీ యువకుల బృందం ఒకటి పది రోజుల సేవకు వచ్చింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాణ్ని కదా అని అనువాదానికి అక్కడి పాస్టరు అయ్యగారు నన్ను పిలిచారు. వచ్చినవాళ్లు మంచి పిల్లలు, ఆ మాట ముందే చెప్పాలి. ఎండకు ముఖాలు కందిపోతున్నా పొద్దుగూకేదాకా ఆడారు, పాటలు నేర్పారు, పేలు పట్టిన తలల్ని జంకు లేకుండా ఒళ్లో పెట్టుకున్నారు. మూడో తరగతి చదివే ఒక పిల్ల గోళ్లకు వాళ్లలో ఒకమ్మాయి గులాబీ రంగు వేసింది. ఆఖరి రోజు ఆ అమ్మాయి కళ్లనీళ్లతో పిల్లను హత్తుకుని, మళ్లీ కలుద్దాం అనే అర్థం వచ్చేలా రెండు మాటలంది. వాళ్ల భాషలో అది వీడ్కోలు మర్యాద. నేను దాన్ని తెలుగు చేశాను: ‘అక్క మళ్లీ వస్తానంటోంది.’

నెల తర్వాత ఏదో పని మీద వెళ్తే, ఆ పిల్ల పరుగున వచ్చి ఎడమచేతి చిటికెన వేలు చూపించింది. గోరు పెరిగి రంగు కొసకు జరిగింది. మిగతా వేళ్లకు ఎప్పుడో రాలిపోయింది. ఆ ఒక్క గోరూ తీయనివ్వడం లేదని వంటామె చెప్పింది. ‘సార్, అక్క ఎప్పుడొస్తాది?’ అని పిల్ల అడిగింది. అబద్ధమాడింది ఆ విదేశీ అమ్మాయి కాదు. నా నోటితో, నా భాషలో, నేనాడాను.

ఇలాంటి ప్రయాణాల గురించి మన చర్చి సంఘాల్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. దిక్కులేని పిల్లలకు పది రోజుల ప్రేమ దొరికినా మేలే కదా, ఏమీ లేనిదానికంటే ఎంతో కొంత నయం కదా అని. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవుల్లో వచ్చే మన తెలుగు సంఘాల యువత కూడా ఈ మాటే చెబుతుంది. ఈ అభిప్రాయం తప్పని నేనంటాను. ప్రేమ ఎక్కువైతే చెడ్డదని కాదు. ఒకచోట పెట్టి తీసేసిన ప్రేమ, అసలు పెట్టని ప్రేమతో సమానం కాదు. పిల్ల లెక్కలో అది సున్నాకు కింద పడుతుంది.

ఇది నా మనసుకు తోచిన మాట మాత్రమే కాదు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, చిన్నపిల్లలకు తల్లితోనో తల్లిలాంటి ఒక మనిషితోనో ఎడతెగని అనుబంధం ఎంత అవసరమో చెప్పాడు. మారిపోయే ఆయాల చేతుల్లో పెరిగిన లండన్ పిల్లలను 1970లలో బార్బరా టిజార్డ్ పరిశీలించింది. కొందరు కొత్తవాళ్లను చూడగానే వెంటబడి చేతులు పట్టుకుంటారని గమనించింది. వ్యాన్ దిగిన బృందం మీదికి మన హాస్టల్ పిల్లలు ఉరికొచ్చి చంకనెక్కుతుంటే ‘ఎంత ప్రేమగల పిల్లలో’ అని మురిసిపోతాం. సొంత ఇంట్లో పెరుగుతున్న మూడేళ్ల బిడ్డ కొత్తమనిషిని చూస్తే అమ్మ కొంగు చాటున దాక్కుంటుంది. ఆ దాక్కోవడమే ఆరోగ్యం.

ఇంకో మాట అంటారు: ఆ ప్రయాణం వచ్చినవాళ్ల హృదయాలను మారుస్తుందని. మారుస్తుందేమో, నేను కాదనను. కానీ ఒక ఇరవై ఏళ్ల మనిషి హృదయం మారడానికి ఎనిమిదేళ్ల పిల్లను పనిముట్టు చేసే హక్కు ఎవరిచ్చారు? తిరిగెళ్లి వేదికెక్కి సాక్ష్యం చెప్పేటప్పుడు వెనక తెరమీద కనబడే ఆ పిల్ల ఫొటోకు ఏ తల్లి సంతకం పెట్టింది? ఆ తల్లి ఉంది. బెంగళూరులో ఇటుకలు మోస్తోంది. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది. మనకు ఆ నివేదికలూ అక్కర్లేదు, పండక్కి హాస్టల్ గేటు దగ్గర నిలబడితే చాలు. కానీ చూడటానికి వచ్చేవాళ్లకు ‘అనాథ’ కావాలి. అలా అడిగేవాళ్లు ఉన్నంతకాలం, ఊళ్లో అవ్వ దగ్గర ఉండగలిగిన బిడ్డ కూడా హాస్టల్ లెక్కలోకి వచ్చి చేరుతుంది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన బాలల హక్కుల తీర్మానం, అనాథాశ్రమాలకు సాగే ఈ వాలంటీర్ యాత్రల వల్ల జరిగే హానిని అడ్డుకోవాలని దేశాలను కోరింది.

విదేశీయుల మీద నాకు అక్కసు లేదు. ఉంటే నేను అనంతపురం వాణ్నే కాను. 1952లో జెస్విట్‌గా ముంబై చేరిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించారు. 1968లో ఆయన్ను దేశం విడిచి పొమ్మంటే వేలమంది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. మరుసటి ఏడాది తిరిగొచ్చి, సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ నేలను ఎంచుకున్నారు. 1970లో జెస్విట్ సంఘం విడిచి ఆన్ గారిని పెళ్లాడారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే పోయారు, బత్తలపల్లి మట్టిలో ఉన్నారు. నలభై ఏళ్లు! పొమ్మంటే ‘పోయొస్తా’ అన్నట్టే వెళ్లారు, అన్నట్టే తిరిగొచ్చారు.

ఆయన నిలబెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి చాలా మటుకు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బుతో లేచినవి. ఒక్కో కుటుంబం ఒక్కో బిడ్డ పేరున పంపింది. వాళ్లలో చాలామంది మన పల్లె ముఖమే చూడలేదు. చూడటానికి వచ్చినవాళ్లు అతిథులుగా వచ్చారు. బిడ్డ బడికి పోయిందా, జ్వరం తగ్గిందా అని ఇంటికెళ్లి కనుక్కున్నది మన యాస మాట్లాడే కార్యకర్తలు. ప్రయాణం ఉంటేనే డబ్బు పోగవుతుంది, వట్టిగా అడిగితే ఎవరిస్తారు అనేవాళ్లకు ఈ జిల్లాయే జవాబు.

ఒంగోలు వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. 1866లో అక్కడ స్థిరపడిన మిషనరీ జాన్ క్లౌ, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చారు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం కరువు సాయం ముగిసేదాకా ఆగమన్నారు. ఆ తర్వాతే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మం జరిగింది. కూటినీ విశ్వాసాన్నీ ఆయన కలపలేదు. ఈరోజు బెలూను, బిస్కెట్టు, ప్రార్థన ఒకే చేత్తో ఇస్తున్నాం. పైగా పర్యాటక వీసా మీద మతప్రచారం చేయకూడదని మన దేశ నిబంధన. రేపు ఎవరైనా వచ్చి నిలదీస్తే బదులు చెప్పాల్సింది విమానమెక్కినవాళ్లు కాదు, పాపం అయ్యగారు.

బైబిల్ కథలోని మంచి సమరయుడూ దారినపోయేవాడే కదా అని నాతో వాదించిన పెద్దలున్నారు. ఆ కథను వాళ్లు సగంలో ఆపేస్తున్నారు. సమరయుడు గాయాలు కట్టి, ఆ మనిషిని సత్రానికి చేర్చి, మర్నాడు సత్రం యజమాని చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానని మాటిచ్చి తన దారిన తాను పోయాడు. ఆ తర్వాత రోగిని చూసుకోవాల్సింది సత్రం యజమాని. మన హాస్టళ్లలో ఆ స్థానం వంటామెది. బృందం వెళ్లిన రాత్రి ఆ పిల్ల ఏడుస్తుంటే పక్కన పడుకుంది ఆమే. బృందం స్నానాలకు రోజూ ట్యాంకరు నీళ్లు కొన్న ఆ హాస్టల్లో ఆమెకు అప్పటికి మూడు నెలల జీతం బాకీ. ఒక్క మనిషి రానుపోను టికెట్టు డబ్బుతో ఆమె ఏడాది జీతంలో చాలా భాగం తీరేది.

ఈ వేసవికి మరో బృందం వస్తానంటోందని అయ్యగారు కబురు పెట్టారు. నేనిలా బదులు రాశాను: అయ్యగారూ, వందనాలు. రానివ్వండి, చుట్టాలుగా రానివ్వండి. సంగటి పెడదాం. ఎండిన చెరువులు చూపిద్దాం. బెంగళూరు నుంచి తిరిగొచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడిద్దాం, హాస్టల్ లెక్కల పుస్తకం ముందు పెడదాం. పిల్లల్ని మాత్రం వాళ్ల ఒళ్లో పెట్టొద్దు. అనువాదానికి నేనే వస్తాను. కానీ వీడ్కోలు రోజున వాళ్లెంత ప్రేమగా చెప్పినా సరే, తిరుగు ప్రయాణం తేదీ చేతిలో లేకపోతే ‘అక్క మళ్లీ వస్తాది’ అని నేను తెలుగు చేయను.