ఒప్పందం లేని శిక్షణ

అప్రెంటిస్‌ల నెలసరి భృతిని 36 శాతం పెంచి రూ.6,800–12,300 చేయాలని 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి చేసిన సిఫారసు మంచిదే. టీవీ ఛానళ్లలో కెమెరా, ఎడిటింగ్ నేర్చుకోబోయే నెల్లూరు తీరపు యువతకు అది చేరుతుందా అన్నదే సందేహం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం రక్షణ ఒప్పందం నమోదైనవారికే. నోటిమాటపై ‘ట్రైనీ’గా చేరినవారు భృతి గురించి అడగలేరు, పనిలో గాయపడితే అప్రెంటిస్‌కు సెక్షన్ 16 ఇచ్చే పరిహారపు హక్కూ వారికి దక్కదు. వాయుగుండం వేళ మైపాడు, కృష్ణపట్నం ఒడ్డుకు కెమెరాతో పంపేది అలాంటివారినే అయితే, జరగరానిది జరిగినప్పుడు జవాబుదారు ఎవరు? ముప్పైమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి; పత్రికలూ ఇందుకు మినహాయింపు కావు. రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ సలహాదారు ఛానళ్ల హాజరుపట్టీలు తనిఖీ చేసి, ట్రైనీలందరి ఒప్పందాలూ నమోదు చేయించాలి. తుపాను విధులకు శిక్షణలో ఉన్నవారిని ఒంటరిగా పంపరాదన్న షరతునూ వాటిలో చేర్పించాలి.