గ్రే కవి శ్మశానవాటిక – కావ్యము లేని సమాధుల గతి

మన కళాశాలలలో ఆంగ్ల సాహిత్యము చదివిన తరతరముల విద్యార్థులకు థామస్ గ్రే రచించిన ‘ఎలిజీ’ పరిచితమే. 1751లో వెలువడిన ఆ కావ్యమునకు జన్మస్థానముగా పెక్కుమంది అంగీకరించునది ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైరు సీమకు చెందిన స్టోక్ పోజెస్ గ్రామము. అచ్చటి సెయింట్ జైల్స్ దేవాలయము, దానిని చుట్టియున్న సమాధులు నేటికిని నిలిచియున్నవి. ఇట్టి పల్లెటూరి చర్చీలను జాతిసంపదగా ఎందులకు కాపాడవలెను? ఆ వ్యయమును ఎవరు భరింపవలెను? ఈ ప్రశ్నలు నేడు ఇంగ్లండును కలవరపెట్టుచున్నవి.

ముందుగా ఆ స్థలమును చూతము. గోడలలో నార్మనుల కాలపు పనితనము కొంత కలదు. ప్రక్కనే 1558 నాటి హేస్టింగ్స్ ప్రార్థనామందిరము ఎఱ్ఱని ఇటుకలతో కట్టబడియున్నది. వెలుపల ఒక సమాధిలో గ్రే తల్లియు, ఆమె సోదరియు నిద్రించుచున్నారు. ఆ తల్లి పండ్రెండుగురు బిడ్డలను కన్నది. దక్కినవాడు గ్రే ఒక్కడే. 1753లో ఆమె గతించినపుడు సమాధిపై చెక్కించిన మాటలు అతడు వ్రాసినవే. 1771లో అతనిని ఆ సమాధిలోనే ఉంచిరి. కాని ఆ రాతిపై అతని పేరు లేదు. ఎదుటి గోడకు అమర్చిన ఫలకమే ఆ సంగతిని తెలుపుచున్నది.

పేరు లేకున్నను అతనికి రక్షకులు కొరవడలేదు. 1799లో జాన్ పెన్ అను ధనికుడు జేమ్స్ వయట్ చేత రూపకల్పన చేయించి ప్రక్క పొలములో గొప్ప స్మారకము నిలిపెను. ఆ పొలము ఇప్పుడు నేషనల్ ట్రస్టు అధీనములోనున్నది. చుట్టును ఇండ్లు క్రమ్ముకొనకుండ 1930 తరువాతి సంవత్సరములలో ప్రక్కనే ఒక స్మారకోద్యానము వెలసినది. ఇంత ఆదరమునకు ముఖ్యకారణము కావ్యమే గదా!

కాని ఆ కావ్యము ఎవరిని గూర్చినది? చదువు లేక, అవకాశము లేక, పేరు పొందక మట్టిలో కలిసిన కృషీవలులను గూర్చినది. అట్టివారు విశ్రమించిన పల్లెలు దేశమంతట ఉన్నవి. ఇంగ్లండు సంఘమునకు సుమారు 16,000 దేవాలయములు కలవు. వానిలో దాదాపు 12,500 రక్షిత కట్టడముల పట్టికలో చేరినవి. పట్టికలో చేర్చినది ప్రభుత్వమే. కప్పు కారినపుడు చందాలు పోగుచేయవలసినవారు మాత్రము ఆ గ్రామ సంఘీయులు. పెక్కు పల్లెలలో ఆదివారము ప్రార్థనకు వచ్చువారు కొద్దిమంది వృద్ధులే. మరమ్మతు పనులపై నూటికి 20 వంతుల పన్ను పడును. ఆ పన్నును తిరిగి ఇచ్చు పథకము 2001లో ప్రారంభమైనది. 2025లో దానికి ఒక్కొక్క దేవాలయమునకు ఏటికి 25,000 పౌండ్ల పరిమితి విధించిరి. చిన్న మరమ్మతునకు అది చాలియుండవచ్చును. శిఖరమో, కప్పో మార్చవలసివచ్చినపుడు చాలకపోయెను. శిథిలమగు ప్రమాదమున్నదని హిస్టారిక్ ఇంగ్లండు సంస్థ గుర్తించిన ప్రార్థనాలయములు తొమ్మిది వందలకు పైబడినవి. ఆరాధన నిలిచిపోయిన చర్చీలను ఆదుకొనుటకు 1957లో ఒక మిత్రసంఘమును, 1969లో ఒక నిధియు ఏర్పడినవి. ఆ నిధి సంరక్షణలో ఇప్పుడు మూడువందల యేబదికి పైగా దేవాలయములున్నవి. అవసరముతో పోల్చినచో ఇది స్వల్పమే.

ప్రార్థించువారే లేని గుడికి ప్రజల పన్నుసొమ్ము ఏల యని ప్రశ్నించువారున్నారు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఆసుపత్రులకు, బడులకు ధనము చాలనపుడు అట్టి ప్రశ్న సహజమే. కాని ఆ స్థలము ప్రార్థనకు మాత్రమే చెందినది కాదు. 1538లో వెలువడిన ఆజ్ఞ వలన ప్రతి గ్రామ దేవాలయమును జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను పుస్తకములో వ్రాసి ఉంచవలసివచ్చినది. ఎందరో నిరుపేదలు జీవించిరనుటకు ఆ మూడు పంక్తులే నిదర్శనము. రాయి నిలుపుకొను శక్తి లేనివారికి పచ్చిక క్రింది మన్నే గుర్తు. ఇక ఆ రాళ్లపైన, మనము రాతిపువ్వు అను జాతికి చెందిన లైకెనులు మెల్లమెల్లగా పెరుగుచుండును. బ్రిటనులోని రెండువేల జాతులలో ఏడువందలకు పైగా శ్మశానవాటికలలో కానవచ్చినవి. శుభ్రము చేయుదమని ఆ రాళ్లను గీకినచో శతాబ్దముల పెరుగుదల ఒక్క పూటలో నశించును.

మృత్యువు ఎదుట రాజును పేదయు సమానులే యను భావము, జాషువా ‘శ్మశానవాటి’ పద్యములను హరిశ్చంద్ర నాటకములో విన్న తెలుగువారికి క్రొత్తది కాదు. మరణము సమానులను చేసినవారిని సంరక్షణము మరల అసమానులను చేయరాదు. కవి పుణ్యమున స్టోక్ పోజెస్ నిలుచును. కవి లేని పల్లె మాట యేమి? ప్రసిద్ధిని మాత్రమే కొలబద్దగా పెట్టుకొన్నచో, గ్రే ఎవరి కొరకు దుఃఖించెనో వారినే మనము రెండవమారు మరచినట్లగును. ‘ఎలిజీ’ని బోధించు ఉపాధ్యాయులు ఛందస్సును, అలంకారములను వివరించిన పిదప ఈ ప్రశ్నను కూడ విద్యార్థుల ముందుంచుట మేలు.